‘స్వీట్ ఛారిటీ’ చలనచిత్రమున రసవిచారము

వస్తువు, నేత, రసము అను మూఁడింటిచేతనే రూపకములకుఁ బరస్పరభేదము సిద్ధించునని దశరూపకకారుఁడగు ధనంజయుఁడు నిర్ణయించెను. ఈ మూఁడును రంగస్థలముపై నాడఁబడు దృశ్యకావ్యమునకే చెల్లునా, తెరపైఁ జూపఁబడు చలనచిత్రమునకును జెల్లునా యను ప్రశ్నము పండితులలోఁ బలుమాఱు పుట్టుచుండును. చూడఁబడునది గాన రూపము, నటునియందు రూపమారోపింపఁబడును గాన రూపకము అను నిర్వచనమును బట్టి చలనచిత్రమును రూపకమే యగును. ఉపకరణము మాఱినంతమాత్రమున లక్షణము మాఱదు. అయినను లక్షణము లక్ష్యమునందుఁ బరీక్షింపఁబడవలయును. అట్టి పరీక్షకు మిక్కిలి యనుకూలమైనది 1969వ సంవత్సరమున అమెరికాదేశమున వెలువడిన ‘స్వీట్ ఛారిటీ’ యను సంగీత చలనచిత్రము. ఇందు శాస్త్రమునకు లొంగినట్లు తోఁచు నంశములును, శాస్త్రమును మఱల విప్పి చూడుమని నిర్బంధించు నంశములును గలవు.

ఈ చిత్రమునకు మూలము ఇటలీదేశపు దర్శకుఁడు ఫెదెరికో ఫెలీనీ 1957లో వెలువరించిన ‘కబీరియా రాత్రులు’ అను చిత్రము. అందు నాయిక రోమునగరవీథులలో జీవించు వేశ్య. ఆ పాత్రను ధరించినది జూలియెట్టా మసీనా. ఆ కథను న్యూయార్కునకుఁ దెచ్చి 1966లో రంగస్థలసంగీతరూపకముగాఁ జేసిరి. సంభాషణములు నీల్ సైమన్ వ్రాసెను. పాటలు డొరతీ ఫీల్డ్స్ కట్టెను. స్వరరచన సై కోల్మన్ చేసెను. దర్శకత్వమును నృత్యవిధానమును బాబ్ ఫాసీవి. నాయికాపాత్ర గ్వెన్ వెర్డన్‌ది. చలనచిత్రమునకుఁ బీటర్ స్టోన్ కథనము వ్రాయఁగా, ఫాసీయే దర్శకుఁడయ్యెను. చలనచిత్రదర్శకత్వమున నతని కిదియే ప్రథమప్రయత్నము. తెరపై నాయిక షర్లీ మెక్‌లెయిన్.

కథాసంగ్రహ మిట్టిది. ఛారిటీ హోప్ వాలెంటైన్ న్యూయార్కునందు ఫాండాంగో బాల్‌రూమ్ అను నాట్యశాలలోఁ బని చేయు యువతి. ఆ శాలకు వచ్చు పురుషులు వెల చెల్లించి, తమకు నచ్చిన స్త్రీతో నాడుదురు. అట్టి స్త్రీలను ఆ దేశమున ‘టాక్సీ డాన్సర్’ లందురు; బాడుగబండివలెఁ గొంతసేపటికై కుదుర్చుకొనఁబడుటచే నా పేరు వచ్చినది. చిత్రారంభమున నామె ప్రియుఁడు ఛార్లీ యామెను ఉద్యానమందలి వంతెనమీఁదనుండి నీటఁ ద్రోసి, చేతిసంచి లాగుకొని పాఱిపోవును. అతనిపేర నామె చేతిపైఁ బచ్చపొడిపించుకొనియుండెను. పిదప విటోరియో విటాలే యను ప్రసిద్ధనటుఁడు తన ప్రియురాలితోఁ గలహించిన రాత్రి యామెను వెంటఁ గొనిపోవును. ప్రియురాలు మరలివచ్చుటచే ఛారిటీ రాత్రియంతయు బట్టల యరలో దాఁగియుండవలసివచ్చును. మూఁడవవాఁడు ఆస్కర్ లిండ్‌క్విస్ట్. నడుమ నాఁగిపోయిన లిఫ్టులో భయమున వడఁకుచున్న యతని నామె యూఱడించును. అందుండి యనురాగము మొలకెత్తును. ఆమె వృత్తి తెలిసియు నతఁడు పెండ్లి కొడంబడును. కాని యామె తోడివారు చేసిన వీడ్కోలువిందును జూచి వచ్చినపిదప, వివాహానుమతిపత్త్ర మిచ్చు కార్యాలయమున నతని మనసు చలించును. తాను చేసికొనలేనని పలికి విడిచిపోవును. ఒంటరియై వంతెనకడకు మరలివచ్చిన ఛారిటీకిఁ బ్రాతఃకాలమునఁ గొందఱు యువజనులు పువ్వొక్కటి యిత్తురు. ఆమె నవ్వి నడచిపోవును. ఇంతటితోఁ జిత్రము ముగియును.

మొదట నేతృవిచారము. ఇచట నేత నాయికయే. స్వీయ, పరకీయ, సామాన్య యను మూఁడింట నీమె యెందుఁ జేరును? వెలకు నాడునది గావున సామాన్య యనవలసివచ్చును. ఫెలీనీచిత్రపు నాయికకు వేశ్యాత్వము వాచ్యము. ఇచట నది నాట్యశాలయను తెఱచేఁ గప్పఁబడినది. ఈ మార్పు కేవలము లోకమర్యాదకై చేసినదని తలఁచుట సరిగాదు. నాట్యశాలలో నమ్మఁబడునది నాట్యము. ఈమెకు జీవితమునఁ గావలసినదియు, నీమె హృదయము ప్రకాశించునదియు నాట్యమందే. తన సొమ్మును తానే విక్రయింపవలసిన స్థితి వేశ్యాత్వముకంటె సూక్ష్మమైన దైన్యమును దెలుపుచున్నది. ప్రహసనమునందుఁ దప్ప నితరరూపకములలో గణికను అనురక్తగానే చూపవలయునని శాస్త్రకారులు విధించిరి. ఆ విధికి ఛారిటీ పూర్ణోదాహరణము.

నామముకూడ విచారింపఁదగియున్నది. వ్యాకరణమర్యాదచే సంజ్ఞలు రూఢములు, అన్వర్థములు నని రెండు తెఱఁగులు. ఈ నాయికానామమందలి మూఁడు పదములును అన్వర్థములే. ఛారిటీ యనఁగా దానము, దయ. హోప్ అనఁగా ఆశ. వాలెంటైన్ అను పదము ప్రేమికుల పండుగను స్ఫురింపఁజేయును. సామాన్యనాయికకు ధర్మము విక్రయము; ఈమె పేరు దానము. లోకము వెల పెట్టు దాని నీమె యూరక యిచ్చివేయును. సంచి పోయినపుడుకూడ నామెకు ధనముకంటె విశ్వాసము పోయినదని యెక్కుడు దుఃఖము. శూద్రకుని మృచ్ఛకటికమున వసంతసేన చారుదత్తుని కొడుకు మట్టిబండిని దన సొమ్ములతో నింపుట యిచట స్మరణీయము. గణిక యిచ్చునదియై నిలిచినక్షణమే యామె గణికాత్వము జాఱిపోవుచున్నది. ఈ యంశమున న్యూయార్కు నాయిక యుజ్జయినీనాయికకు దూరమైనది కాదు.

కాని భేదమొకటి కలదు. అదియే యీ చిత్రమునకుఁ బ్రాణము. మృచ్ఛకటికాంతమున నూతనరాజగు నార్యకుని యనుగ్రహముచే వసంతసేనకు వధూశబ్దము లభించును. ఛారిటీయు నా శబ్దమునకే రాజకీయకార్యాలయమునకుఁ బోయినది. పత్త్ర మచ్చట నున్నది, వ్రాయువారున్నారు, వరుఁడును బ్రక్కనున్నాఁడు. అయినను శబ్దము సిద్ధింపలేదు. వసంతసేనకు రాజ్యము మాఱి మేలు చేసినది. ఈమెకు రాజ్యమడ్డము రాలేదు, పురుషుని మనసే యడ్డము వచ్చినది.

ఇఁక వస్తువిచారము. ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని కార్యావస్థ లైదు. కనఁబడి మఱుఁగుపడిన బీజమును మాటిమాటికి వెదకుట గర్భసంధి యని ధనంజయుని మతము. ఆ సంధికిఁ బ్రాప్త్యాశ యనుగతమైన యవస్థ. ఈ లక్షణముతోఁ జూచినచో ఛారిటీకథ యంతయు నొక దీర్ఘమైన గర్భసంధియే. ఛార్లీయందుఁ గనఁబడిన బీజము నీట మునిఁగెను. విటోరియోయందు మెఱసి బట్టల యరలో మూయఁబడెను. ఆస్కరునందు నంకురించి కార్యాలయమున వాడెను. నియతాప్తి లేదు, ఫలాగమము లేదు. ప్రాప్త్యాశయందే కథ నిలిచినది. నాయిక మధ్యనామము ఆశయగుటయు, ఆమె కథ ప్రాప్త్యాశలో నిలుచుటయుఁ గాకతాళీయములు గావు.

ఇచట నొక యాక్షేపము పుట్టును: ఫలాగమము లేని వస్తువు అసంపూర్ణము గదా, గర్భమున నాఁగిన కథను రూపక మనుట యెట్లు? దీనికి సమాధానము రసవిచారమున లభించును గాన మొదట దానిని జూడవలయును.

పూర్వపక్షమిట్టిది. రతి యనేకనాయకవిషయకమైనను, ఉభయనిష్ఠము గాకున్నను రసాభాసమని సాహిత్యదర్పణకారుఁడు మొదలగువారు చెప్పిరి. ఛారిటీరతికి మువ్వురు పురుషులు విషయములు, ఛార్లీకిఁ బ్రేమయే లేదు, విటోరియో చిత్తము మఱొకతెయందు లగ్నము, ఆస్కరు విడిచిపోయెను. కావున నిందు శృంగారము లేదు, శృంగారాభాసమే కలదు. ఆభాసము హాస్యమునకుఁ గారణము గాన నిది నగించుటకుఁ జేసిన చిత్రమే కాని హృదయమును ద్రవింపఁజేయు కావ్యము గాదు.

ఈ పక్షమును నిదానముగాఁ బరిశీలింపవలయును. అనేకనాయకత్వము దోషమగుట యనురాగము విభక్తమై నిలుకడ లేకుండుటచేతఁ గదా! ఛారిటీ యొకప్పుడు నిద్దఱను గోరలేదు. ఒకరు విడిచినపిదపనే యొకరియందు మనసు నిలిపెను. నిలిపిన ప్రతిపర్యాయమును గృహిణీత్వమునే కోరెను. క్రమికమైన యీ రతి యనేకవిషయక మనుకొనుటకంటె, ఏకమైన యపేక్షకు మూఁడు ప్రయత్నము లనుట యుచితము.

ఉభయనిష్ఠత్వవిషయమున రాచకొండ నేలిన సింగభూపాలుఁడు రసార్ణవసుధాకరమునఁ జేసిన విభాగ మిచట నెంతయు నుపకరించును. ఒకరియందు రాగము లేకుండుటను అభావభేదములచే విడఁదీసి, రాగమింకను బుట్టకుండుట ప్రాగభావమగుటచే నాభాసము గాదనియు, అత్యంతాభావప్రధ్వంసాభావములయందే యాభాసమనియు నాతఁడు నిర్ణయించెను. ఛార్లీయందు రాగమునకు అత్యంతాభావము. అచట నాభాసము నిశ్చయము. చిత్రారంభమున నామె యొక్కతెయే యిద్దఱి మాటలును బలుకుచుండ, నతఁడు మౌనముగా సంచివంకఁ జూచుట నవ్వు పుట్టించుచున్నది, పుట్టింపవలయును గూడ. విటోరియో ప్రకరణమున నామెకే రతి పూర్ణముగా నుదయింపలేదు. అక్కడఁ బ్రధానమైనది విస్మయము. తన వంటిదానికి నింతటివాని యింటఁ గూర్చుండు భాగ్యము గలిగెఁగదా యను నాశ్చర్యమే యామె నాట్యమున నుప్పొంగుచున్నది. కావున నది యద్భుతహాస్యముల సంగమము.

చిక్కు ఆస్కరువిషయమున వచ్చును. అతనికి రాగముండెను, పిదప లేకపోయెను. అది ప్రధ్వంసమైనచో సింగభూపాలుని మతమున నిదియు నాభాసమే యగును. కాని యతఁడు విడిచిపోవునప్పటి మాటలను, ముఖవికారమును బరికించినచో రాగము నశించినట్లు గానరాదు. ఆమె పూర్వజీవితము తన మనసునఁ గదలుచుండఁ గాపురము చేసి యామెను హింసింతునేమో యని యతని భయము. అది శంక, లజ్జ, దౌర్బల్యము, ద్వేషము గాదు. మణి యడ్డముండఁగా నగ్ని దహింపదు. అంతమాత్రమున నగ్ని నశించెననరాదు. ప్రతిబంధము వేఱు, ప్రధ్వంసము వేఱు. ఆస్కరు రాగము ప్రతిబద్ధము. ఫెలీనీచిత్రమున మూఁడవ పురుషుఁడును ధనము నపహరించువాఁడే. అచట మొదటి వంచనయుఁ గడపటి వంచనయు నొకేజాతివి. ఇచటఁ గడపటివాఁడు దొంగ గాదు, దుర్బలుఁడు. కావుననే యచ్చటికంటె నిచట వియోగము భిన్నమైన పరితాపము గలది. దుష్టుని నిందించి యూఱట పొందవచ్చును. దుర్బలుని నిందించుటకు మనసొప్పదు.

దీనినిబట్టి ఛార్లీయందు ఆభాసము, విటోరియోయందు విస్మయము, ఆస్కరునందు శృంగారము అను క్రమ మేర్పడుచున్నది. ఆభాసమునుండి రసమునకు సాగు నీ యారోహణమే చిత్రమున కేకసూత్రము. దీనిని గమనింపనివారికి మూఁడు కథలు వేర్వేఱుగాఁ గుట్టినట్లు కనఁబడును.

ఇఁక ముగింపు. ఆస్కరు పోయినపిదప మిగిలినది కరుణమా, విప్రలంభమా? కరుణము నిరపేక్షభావము, విప్రలంభము సాపేక్షభావము అని భరతమునియే రెంటికిని హద్దు గీచెను. ఆశ యున్నచో విప్రలంభము, ఆశ తెగినచోఁ గరుణము. వంతెనకడ ఛారిటీకి ఆశ తెగలేదు. ఆమె నవ్వే ప్రమాణము. కావునఁ గరుణము గాదు. విప్రలంభమందమా, ఆమె యపేక్షించునది ఆస్కరుని గాదు. ఆలంబనము పోయినది, అపేక్ష మిగిలినది. ఇట్టిచోట రసమును వెదకుటకంటె, వ్యభిచారిభావము ప్రధానముగా వ్యంగ్యమైనచో భావధ్వని యగునను నాలంకారికసిద్ధాంతము నాశ్రయించుట మేలు. ఔత్సుక్యమును ధృతియు నేకమై వ్యంగ్యమగుచున్న భావధ్వని యీ ముగింపు. పువ్వు అందుకొన్న చేయి, తడియారని కన్నులు, మెల్లగా విరియు నవ్వు అనుభావములు. అంతకుమించి వాచ్యముగాఁ బలుకవలసిన పని లేదు. రంగస్థలరూపకాంతమున నాయిక యాశతో జీవించెనని దీపాక్షరములతోఁ దెలుపుచుండిరి. అది స్వశబ్దవాచ్యతాదోషమునకుఁ బొరుగైనది. నటీముఖము దానికంటె బలవత్తరము.

ఈ చిత్రమునకు మఱొక ముగింపును ఫాసీ చిత్రించియుంచెను. నిర్మాణసంస్థవారు సుఖాంతమును గోరుదురేమో యను శంకచే నట్లు చేసెను. కాని వారును దుఃఖస్పృష్టమైన ముగింపునకే సమ్మతించిరి. ఆ రెండవ ముగింపు పిదపఁ జూడ లభ్యమైనది. అందు ఆస్కరు ఉద్యానమునకు వచ్చి, వంతెనపై నున్న యామె నీటఁ బడఁబోవుచున్నదని భ్రమించి పరుగెత్తి, తానే జాఱి నీటఁ బడును. ఆమెయు దూకును, ఈఁత రాని యామెను అతఁడే రక్షించును, మరల వివాహమున కొడంబడుదురు. శాస్త్రమెఱిఁగినవారు ఫలాగమముండుటచే దీనినే మెచ్చవలయునని తోఁచును. మొదటఁ బురుషుఁడు త్రోయఁగాఁ బడిన నీటనే కడపటఁ బురుషుఁడు రక్షించుట సంవాదసౌందర్యముగల దనియుఁ జెప్పవచ్చును.

అయినను ఇది గ్రాహ్యము గాదు. నిర్వహణసంధియందు ముందు చల్లఁబడిన బీజములే యేకార్థమునకు వచ్చి చేరవలయును. ఆస్కరు రాగమునకుఁ బ్రతిబంధము అతని మనస్సునందలి శంక. ఆ శంకను దీర్చు బీజము కథయందెచ్చటను జల్లఁబడలేదు. కాలు జాఱి నీటఁ బడుట శంకానివృత్తికి హేతువు గాదు. మణి తొలఁగక యగ్ని మరల దహించెననుట యెట్లో, యిదియు నట్లే. హేతువు లేని ఫలము ఫలాగమము గాదు, ఫలాభాసము. ఆభాసమునుండి రసమునకు నడచిన చిత్రము కడపట మరల నాభాసమునఁ బడుట యనౌచిత్యము. అనౌచిత్యముకంటె రసభంగమునకు వేఱు కారణము లేదని యానందవర్ధనుని తీర్పు. ఇంతటితోఁ బైని నిలిపిన యాక్షేపమునకును సమాధానమైనది: ఫలము లేనిచోఁ గథ యసంపూర్ణమగు ననుట వివాహమే ఫలమని గ్రహించువారి మాట. ఈ కథకుఁ బ్రధానఫలము నాయికయందలి ప్రేమసామర్థ్యము చెడకుండుట. మూఁడుమాఱులు భగ్నమైనను అది చెడలేదను జ్ఞానమే ప్రేక్షకునికిఁ జిక్కు ఫలము.

నృత్యవిచారము లేక యీ విమర్శ ముగియఁజాలదు. తాళలయాశ్రయము నృత్తము, భావాశ్రయము నృత్యము. నాట్యశాలాస్త్రీలు కటకటాలవలె నున్న కమ్మిని బట్టుకొని వరుసగా నిలిచి విటులను బిలుచు ‘బిగ్ స్పెండర్’ ఘట్టమున శృంగారపు టనుభావములన్నియుఁ గలవు, స్థాయిభావమొక్కటియే లేదు. మాటలు పిలుచుచున్నవి, కన్నులు విసిగియున్నవి. ఆభాసమును అంగములచేతనే చూపిన యిట్టి యాంగికము దుర్లభము. పాంపే క్లబ్బునందలి ‘రిచ్ మాన్స్ ఫ్రగ్’ మూఁడు ఖండములుగా నడచు నృత్తము. ధనికుల యహంకారము భావరహితమైన యంగహారములచేఁ బరిహసింపఁబడినది. వీనికి భిన్నముగా విటోరియో గృహమున టోపీని, చేతికఱ్ఱను బుచ్చుకొని నాయిక యాడు నాట్యము శుద్ధమైన నృత్యము. ఆస్కరు వరించెనని తెలిసి నగరవీథులలో వాద్యబృందముతో నడచు ఘట్టమున హర్షము మూర్తీభవించినది.

నాట్యమునకు సౌష్ఠవము ప్రాణమని భరతశాస్త్రము. ఫాసీ పద్ధతి దానికి విపర్యయము: లోపలికి మఱలిన మోకాళ్లు, వంగిన భుజములు, ముఖముమీఁదికి వ్రాలిన టోపీ, విడివిడిగాఁ గదలు వ్రేళ్లు. ఇది యజ్ఞానకృతము గాదు. వెలకు నాడు దేహమునకు నిటారుతనము సహజముగ నుండదు. సౌష్ఠవభంగమే యిచట నర్థద్యోతకము. సౌష్ఠవ మెఱిఁగినవాఁడే దానిని భంగించి యర్థము సాధింపఁగలఁడు.

దోషములును లేకపోలేదు. సామీ డేవిస్ జూనియర్ నటించిన ‘రిథమ్ ఆఫ్ లైఫ్’ ఘట్టము స్వతంత్రముగా మనోహరమే. కాని కథకు నది యంగము గాదు. మమ్మటుఁడు చెప్పిన అంగాతివిస్తృతియు, అనంగాభిధానమును ఇచటఁ గలవు. ఛాయాగ్రహణమున మాటిమాటికి బొమ్మను నిలిపివేయుట, దూరమునుండి దగ్గఱకు హఠాత్తుగాఁ దెచ్చుట తొలిచిత్రముపట్ల దర్శకునికిఁ గల కుతూహలమును జూపుచున్నవి. భావము పండుచున్న వేళ నవి యడ్డుపడుచున్నవి. చిత్రము రెండు గంటలకుఁ బైఁగా సాగుటచే నడుమ సడలినది. విడుదలకాలమున వ్యయమునకుఁ దగిన రాబడి రాలేదు. అదే దర్శకుఁడు 1972లో వెలువరించిన ‘కాబరే’యందు నీ దోషములఁ బరిహరించి, యుత్తమదర్శకునిగా ఆస్కార్ బహుమానము నొందెను.

నిర్మాణమున ‘కాబరే’యే మేలైనదనుట నిర్వివాదము. కాని రసశాస్త్రమునకు సందేహమును గల్పించి, సందేహముచేతనే దానికి వన్నె తెచ్చు లక్ష్యము ‘స్వీట్ ఛారిటీ’. ప్రాప్త్యాశ యనునది ఫలాగమమునకు మెట్టుమాత్రమే యని పాఠము చెప్పు విద్యార్థికి, ఆ మెట్టుమీఁదనే నిలిచి నవ్వఁగల నాయికను జూపిన చిత్రమిది. కరుణమునకును విప్రలంభమునకును నడుమ భరతుఁడు గీచిన సన్నని గీఁత యెంత విలువైనదో తెలియఁగోరువారు దీనిఁ జూడఁదగును.